రెక్క మీద నల్ల పట్టీ

కిందటి వానాకాలంలో ఒక పెద్దమ్మ తన మనవడిని వెంటబెట్టుకుని మన ఓ.పి.కి వచ్చారు. వారిది శ్రీ సిటీ పక్కన చెరువు కట్ట కింద ఉన్న పల్లె. పిల్లవాడికి ఏడేళ్లు. ఎడమ కంటి రెప్ప బాగా వాచి కన్ను మూసుకుపోయింది. రెప్ప మీద తెల్లగా ఏదో పూసి ఎండిపోయి ఉంది. అడిగితే సున్నం అన్నారు.

ఆమె కొంగుముడి విప్పి ఒక అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టారు. "డాక్టరమ్మా, మా అబ్బోడ్ని కరిసింది ఇదే. ఆడ్నే కొట్టి తెచ్చినాను, సూడు" అన్నారు. పెట్టె తెరిస్తే లోపల ఒక ఈగ ఉంది. మామూలు ఇంటి ఈగ కన్నా కాస్త పెద్దది. రెక్కల మధ్యలో అడ్డంగా నల్లటి పట్టీ ఉంది.

ఆమె భయం వాపు గురించి కాదు. పిల్లవాడి తండ్రి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తారు. ఆయన ఫోనులో ఇలాంటి రెక్కలున్న ఈగ బొమ్మ ఒకటి చూశారట. ఆ ఈగ కుడితే మనిషి కంట్లో పురుగు పాకుతుందని అక్కడ రాసి ఉందట. ఇంట్లో ఎవరూ ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇలాంటి భయంతో వచ్చేవారు వారొక్కరే కాదు. అందుకే ఈ సంచికలో ఈ ఈగను గురించి, దాని రెక్కలను చూసి దాన్ని ఎలా గుర్తుపట్టాలో, అది తెలిస్తే మనకేం మేలో వివరంగా రాస్తున్నాము.

ఈ ఈగలు ఏమిటి?

జోరీగ పేరు తెలియని తెలుగువారు ఉండరు. వేమన పద్యం చదువుకున్న చిన్నపిల్లలకు కూడా తెలుసు. గొడ్లపాకలో, దొడ్డిలో, పొలం గట్ల మీద జోరుమని తిరుగుతూ పశువులను కుట్టే ఈగ ఇది. శాస్త్రజ్ఞులు వీటన్నిటినీ టబానిడే అనే ఒక కుటుంబంగా చెబుతారు. ఈ కుటుంబంలో ప్రపంచమంతటా నాలుగు వేలకు పైగా జాతులున్నాయి. ఇంగ్లీషులో పెద్దవాటిని హార్స్ ఫ్లై అని, రెక్కల మీద పట్టీలున్న చిన్నవాటిని డీర్ ఫ్లై అని పిలుస్తారు. మన పల్లెల్లో పెద్దదైనా చిన్నదైనా చాలామంది జోరీగ అనే అంటారు.

వీటిలో ఆడ ఈగలు మాత్రమే రక్తం తాగుతాయి. గుడ్లు తయారు కావడానికి వాటికి రక్తం కావాలి. మగ ఈగలు పూలలోని తేనె తాగి బతుకుతాయి, కుట్టవు. ఆడ మగ తేడా చూడాలంటే తల చూడండి. మగ ఈగకు రెండు కళ్లూ నడినెత్తిన ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఆడ ఈగకు కళ్ల మధ్య సందు ఉంటుంది.

దోమ నోరు సూదిలా ఉంటుంది, గుచ్చి పీలుస్తుంది. జోరీగ నోటిలో చిన్న కత్తుల్లాంటి భాగాలుంటాయి. అది చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. రక్తం గడ్డకట్టకుండా దాని ఎంగిలి అడ్డుపడుతుంది. అందుకే కుట్టగానే చురుక్కుమంటుంది, ఈగ ఎగిరిపోయాక కూడా రక్తం కారుతుంది. తర్వాత వచ్చే వాపు, దురద ఆ ఎంగిలి పడకపోవడం వల్ల వచ్చేవే.

ఇవి గుడ్లు పెట్టేది నీటి పక్కన. చెరువు గట్టున, కాలువ పక్కన, నీటి మీదకు వంగిన ఆకులకు వందల గుడ్లు గుత్తిగా అంటిస్తాయి. పిల్లపురుగులు తడి బురదలోకి దిగి అక్కడే నెలల తరబడి పెరుగుతాయి. 2008లో శ్రీ సిటీ మొదలైన తర్వాత సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల రూపం చాలా మారింది. అయినా ఫ్యాక్టరీల ప్రహరీ దాటితే చెరువులు, వరిమళ్లు, పశువులు ఇప్పటికీ ఉన్నాయి. తూర్పున తడ దాటితే పులికాట్ సరస్సు తేమ నేలలున్నాయి. ఈ ఈగకు కావలసిన నీరు, బురద, పశువులు మూడూ మన దగ్గర ఒకేచోట ఉన్నాయి.

రెక్కలు చూసి గుర్తుపట్టడం

మనుషులకు పేర్లున్నట్టే ఈగలకు రెక్కల గుర్తులున్నాయి. భూతద్దం ఉంటే మంచిది. లేకపోతే తెల్ల కాగితం మీద పెట్టి ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి చూడవచ్చు.

ముందుగా అది జోరీగల కుటుంబమేనా అని చూడాలి. రెక్కలో నరాల వంటి గీతలుంటాయి. రెక్క కొన దగ్గర ఒక గీత రెండుగా చీలి, గులేరు పంగలా విచ్చుకుంటుంది. ఆ రెండు కొమ్మల మధ్యలో రెక్క కొన ఉంటుంది. రెక్క నడిమధ్యన ఆరు మూలల గడి ఒకటి కనిపిస్తుంది. ఈ రెండూ కలిసి ఉంటే అది జోరీగల కుటుంబమే అనుకోవచ్చు.

తర్వాత అది మూడు వర్గాల్లో ఏదో చూడాలి. మన దేశంలో సాధారణంగా కనిపించేవి ఈ మూడే.

మొదటిది టబానస్. ఇది అసలు జోరీగ. పెద్దది, కొన్ని జాతులు రెండు సెంటీమీటర్లు కూడా దాటుతాయి. రెక్కలు ఎక్కువగా అద్దంలా తేటగా, లేదా కొద్దిగా పొగచూరినట్టు ఉంటాయి. వచ్చేటప్పుడు పెద్ద చప్పుడు చేస్తుంది. పశువుల కాళ్లు, పొట్ట మీద ఎక్కువగా వాలుతుంది.

రెండవది హెమటోపోటా. ఒక మోస్తరు సైజు, సన్నని ఒళ్లు. రెక్క అంతా బూడిద రంగు, దాని మీద ముగ్గు చుక్కల్లా తెల్లని చిన్న చిన్న మచ్చలు, వంపులు ఉంటాయి. వాలినప్పుడు రెక్కలను పూరింటి కప్పులా ఒంటి మీద వాల్చుకుంటుంది. చప్పుడు చేయకుండా వచ్చి కుడుతుంది. కుట్టిన తర్వాతే మనకు తెలుస్తుంది.

మూడవది క్రైసాప్స్. డీర్ ఫ్లై అనేది ఇదే. సుమారు ఒక సెంటీమీటరు పొడవు, అంతకన్నా చిన్నవీ ఉంటాయి. రెక్క తేటగా ఉండి మధ్యలో అడ్డంగా నల్లని లేదా ముదురు గోధుమ రంగు పట్టీ ఉంటుంది. రెక్క ముందు అంచు కూడా నల్లగా ఉంటుంది. చాలా జాతుల్లో కొన దగ్గర మరో మచ్చ ఉంటుంది. వాలినప్పుడు రెక్కలు కొద్దిగా విప్పి ఉంచుతుంది, పైనుంచి చూస్తే త్రికోణంలా కనిపిస్తుంది. మీసాలు పొడవుగా, సన్నగా ఉంటాయి. బతికి ఉన్నప్పుడు కళ్లు ఆకుపచ్చ, బంగారు రంగుల్లో మెరుస్తాయి. క్రైసాప్స్ అనే గ్రీకు పేరుకు అర్థం బంగారు కన్ను అనే. ఇది ఎక్కువగా తల, మెడ, ముఖం చుట్టూ తిరుగుతుంది. అందుకే కంటి రెప్పల మీద, చెవుల మీద కుట్టించుకుని వచ్చేవారిని చూస్తే ముందుగా ఇదే గుర్తుకు రావాలి.

పెద్దమ్మ అగ్గిపెట్టెలో ఉన్నది క్రైసాప్స్. రెక్క మీది పట్టీ చూస్తూనే అంతవరకు చెప్పగలిగాము.

జాతి దాకా వెళ్లాలంటే

క్రైసాప్స్ అని చెప్పడం ఇంటిపేరు చెప్పడం లాంటిది. అసలు పేరు చెప్పాలంటే ఆ పట్టీని ఇంకా జాగ్రత్తగా చదవాలి. ఈ రంగంలో పనిచేసేవారు వరుసగా కొన్ని ప్రశ్నలు వేసుకుంటారు. నడిమి పట్టీ రెక్క వెనుక అంచు వరకు చేరిందా, మధ్యలోనే ఆగిందా? కొనమచ్చ వెడల్పుగా ఉందా, సన్నని గీతలా ఉందా? అది నడిమి పట్టీతో ఎక్కడ కలిసింది? పట్టీకి, కొనమచ్చకు మధ్య మిగిలిన తెల్లని త్రికోణం ఎంత లోపలికి వెళ్లింది? రెక్క మొదట్లోని గడులు తేటగా ఉన్నాయా, నల్లబడ్డాయా? వీటితోపాటు ముఖం మీది మెరిసే బుడిపెలు, పొట్ట మీది చారలు కూడా చూస్తారు. ఒకే జాతిలో ఆడ మగ ఈగల రంగులు వేరుగా ఉండవచ్చు. ముసలి ఈగ రెక్కలు చిరిగి వెలిసిపోవచ్చు. కాబట్టి రెక్క ఒక్కటే చూసి తొందరపడి జాతి పేరు చెప్పకూడదు.

భారతదేశంలోనూ ఆగ్నేయాసియాలోనూ బాగా తెలిసిన జాతి క్రైసాప్స్ డిస్పార్. ఫాబ్రీషియస్ అనే శాస్త్రజ్ఞుడు 1798లోనే దీనిని వర్ణించాడు. డిస్పార్ అంటే లాటిన్‌లో సమానం కానిది అని అర్థం.

మనకు దగ్గర్లోనే ఈ విద్యకు పాత చరిత్ర ఉంది. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1899లో మొదలైంది. అక్కడ పనిచేసిన ప్యాటన్, క్రాగ్ అనే ఇద్దరు వైద్యాధికారులు రోగాలను మోసే పురుగుల మీద ఒక పెద్ద వైద్య గ్రంథం రాశారు. దానిని 1913లో ప్రచురించినది క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ. రోగికి మందు ఇచ్చే ముందు అతన్ని కుట్టిన పురుగేదో తెలుసుకోవాలని మన ప్రాంతపు వైద్యులు నూరేళ్ల క్రితమే ఆలోచించారు.

కంట్లో పురుగు భయం

ఇప్పుడు ఆ తండ్రి ఫోనులో చూసిన సంగతికి వద్దాము. అది అబద్ధం కాదు. కానీ అది మన దేశపు సంగతి కాదు.

పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల్లో లోవా లోవా అనే సన్నని పురుగు మనుషుల ఒంట్లో ఉంటుంది. ఒక్కోసారి కంటి తెల్లగుడ్డు పైపొర కింద పాకుతూ కనిపిస్తుంది. దీనిని మోసేది క్రైసాప్స్ వర్గమే అని లైపర్ అనే శాస్త్రజ్ఞుడు 1912లో చూపించాడు. అక్కడ ముఖ్యంగా మోసే జాతులు సిలేసియా, డిమిడియాటా. వాటి రెక్కల మీద కూడా నల్ల పట్టీ ఉంటుంది. ఫొటోలో చూస్తే మన ఈగకూ దానికీ తేడా తెలియకపోవడంలో వింత లేదు. ఇంటిపేరు ఒకటే కదా.

మరో చిక్కు పేరులో ఉంది. ఆఫ్రికాలో వాటికి మ్యాంగో ఫ్లై అనే పేరు కూడా ఉంది. మామిడి తోటల జిల్లాలో ఉన్న మనం ఆ మాట చదివితే మామిడికాయలో పురుగు పడేలా చేసే పండు ఈగ అనుకుంటాము. ఆ పండు ఈగ వేరు. దాని రెక్కలకూ గుర్తులుంటాయి గానీ అది మనిషిని కుట్టదు, రక్తం తాగదు.

లోవా లోవా రోగం మన దేశంలో లేదు. ఈగలో ఆ పురుగు ఉండాలంటే ముందు అది ఆ రోగం ఉన్న మనిషి రక్తం తాగి ఉండాలి. తాగిన తర్వాత పురుగు ఈగ ఒంట్లో పది పన్నెండు రోజులు పెరగాలి. శ్రీ సిటీ పక్క చెరువు గట్టున కుట్టిన ఈగ వల్ల కంట్లో పురుగు వస్తుందని భయపడనవసరం లేదు. ఈ మాట చెప్పినప్పుడు పెద్దమ్మ పిల్లవాడి తల నిమిరి, అప్పుడు కుర్చీలో కూర్చున్నారు.

అసలు ఆ పిల్లవాడి కంటికి పొంచి ఉన్న ప్రమాదం ఈగ కాదు, సున్నం. సున్నం కంట్లో పడితే నల్లగుడ్డును కాల్చివేస్తుంది, చూపు పోవచ్చు. అదృష్టం కొద్దీ అది రెప్ప దాటి లోపలికి వెళ్లలేదు. కన్ను కడిగి, పరీక్ష చేసి, దురద తగ్గడానికి మందు ఇచ్చాము. మూడవ రోజుకు పిల్లవాడు రెండు కళ్లూ తెరిచి చూశాడు.

మరి ఇక్కడ నష్టం ఎవరికి?

మందుల చీటీ తీసుకుంటూ పెద్దమ్మ ఒక మాట అన్నారు. "మా ఆవుకైతే రోజూ రగతాలే. జరం వస్తాది, పోతాది. పాలు కూడా తగ్గిపోయినాయి." ఆ మాట విన్న తర్వాత ఆమెను అలా పంపించడానికి మాకు మనసొప్పలేదు.

జోరీగలు పశువులకు మోసే రోగాల్లో ముఖ్యమైనది సర్రా. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు ఇప్పటి పాకిస్తాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో దీని క్రిమిని కనుగొన్నాడు. ఈ క్రిమి ఈగ ఒంట్లో పెరగదు. ఈగ ఒక పశువు దగ్గర సగం తాగి, తోక దెబ్బకు లేచి, పక్క పశువు మీద వాలినప్పుడు నోటికంటిన రక్తంతోపాటు క్రిమి అక్కడికి చేరుతుంది. గుర్రాలు, ఒంటెలు, కుక్కలకు ఇది చాలా ప్రమాదం. ఆవులు, గేదెల్లో చాలాసార్లు బయటపడకుండా ఉంటుంది. వచ్చిపోయే జ్వరం, రక్తం తగ్గడం, చిక్కిపోవడం, పాలు తగ్గడం, ఈసుకుపోవడం దాని గుర్తులు. 2000 సంవత్సరంలో ఒడిశాలోని నందన్‌కానన్ జంతుప్రదర్శనశాలలో పదికి పైగా పులులు ఈ రోగంతోనే చనిపోయాయి.

మనుషులకు వస్తుందా? దాదాపుగా రాదు. మన రక్తంలో ఈ క్రిమిని చంపే ఒక మాంసకృత్తు ఉంది. 2004లో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో పశువులు పెంచే ఒక రైతు రక్తంలో ఈ క్రిమి కనిపించింది. తర్వాత పరీక్షిస్తే ఆయనకు పుట్టుకతోనే ఆ మాంసకృత్తు లేదని తేలింది. సురామిన్ అనే మందుతో ఆయనకు నయమైంది. 2015లో వియత్నాంలో ఒక స్త్రీకి కూడా వచ్చింది. ఆమెకు ఆ మాంసకృత్తు ఉన్నా వచ్చింది. ఇవి చాలా అరుదు. అయితే చేతికి గాయం ఉన్నప్పుడు పచ్చి మాంసం, పశువుల రక్తం ముట్టుకోకుండా ఉండడం అందరికీ మంచిది.

పెద్దమ్మకు ఆవును పశువైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించమని చెప్పాము. రెండవసారి వచ్చినప్పుడు, ఆవు రక్తంలో క్రిమి కనిపించిందని, సూది వేశారని చెప్పారు. పాలు ఇంకా మునుపటంత రాలేదు గానీ మేత మేస్తోందన్నారు. మనవడి కోసం తెచ్చిన ఆ అగ్గిపెట్టె ఆవుకు కూడా పనికి వచ్చింది.

ఈగ కుట్టినప్పుడు ఏం చేయాలి?

1. సబ్బు, మంచినీళ్లతో కడగండి. చల్లని తడిగుడ్డ పది నిమిషాలు పెట్టండి.

2. గోకకండి, పిల్లల గోళ్లు కత్తిరించండి. గోకిన చోట చీము పట్టడమే ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది.

3. సున్నం, కిరోసిన్, పేడ, ఆకు పసరు పూయకండి. కంటి దగ్గర అసలే వద్దు. సున్నం కంట్లో పడితే వెంటనే కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడుగుతూ, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి రండి.

4. దురద మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి. పిల్లలకు పెద్దల మాత్రలు విరిచి ఇవ్వకండి.

5. పెదవులు, నాలుక వాచినా, ఊపిరాడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచి కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇది ప్రాణాపాయం.

6. ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా, కన్ను నొప్పిగా ఉన్నా, చూపు మసకబారినా ఇంట్లో ఉండిపోకండి.

ఈగను తీసుకురావాలనుకుంటే

వేళ్లతో నలపకండి, రెక్కలు విరిగితే గుర్తు పోతుంది. నీళ్లలో, నూనెలో వేయకండి. ఖాళీ అగ్గిపెట్టెలో కొంచెం దూది పరిచి అందులో పెట్టండి. ఎక్కడ కుట్టింది, ఏ వేళలో కుట్టింది ఒక చీటీ మీద రాసి ఉంచండి. దొరకకపోతే ఫొటో చాలు, పైనుంచి రెక్కలు కనిపించేలా తీయండి. దానికోసం చికిత్స ఆలస్యం చేయవద్దు.

ఈ ఈగలు పగటిపూట, కదిలే వాటి మీదకు, ముదురు రంగుల మీదకు ఎక్కువగా వస్తాయి. చెరువు పక్క పని చేసేటప్పుడు, సైకిలు మీద, మోటారు సైకిలు మీద కట్ట దారిన వెళ్లేటప్పుడు లేత రంగు పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు లేదా టోపీ వేసుకోండి. పశువులను పగటి ఎండలో నీటి ఒడ్డున కట్టివేయకుండా నీడగా ఉన్న పాకలో కట్టండి.

మనల్ని కుట్టిందేదో తెలియనప్పుడు ప్రతి ఈగా ప్రాణాంతకమే అనిపిస్తుంది. ఒక్క నిమిషం దాని రెక్కలు చూడండి. చుక్కలా, పట్టీయా, తేటగా ఉందా? ఆ తర్వాత ఏం చేయాలో అడగడానికి మన ఓ.పి. తలుపు తెరిచే ఉంటుంది. అగ్గిపెట్టెతో వచ్చినా మేము ఏమీ అనుకోము.